ఏ గ్రీజు పెట్టారు?

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాదు నుంచి విజయవాడ దారి ఎలా ఉంటుందో మీలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర ఓ గంట, అక్కణ్ణుంచి చిట్యాల దాకా పాకుడే. బ్రేకు తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. కొన్నేళ్ల కిందట అలాంటి రోజునే మేమూ ఆ వరసలో ఉన్నాం. మా అల్లుడు నడుపుతున్నాడు. పక్కన నేను. వెనక మా ఆవిడ, అమ్మాయి, అమ్మాయి ఒళ్లో నిద్రపోతున్న మనవడు. నకిరేకల్ దాటాక రోడ్డు కాస్త తెరిపిన పడింది, బండి వేగం అందుకుంది. అప్పుడు మా ఆవిడ అంది: “ఏమండీ, ఏదో మాడుతున్న వాసన.”

బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాం. అద్దాలు ఎత్తేశాం. వాసన తగ్గలేదు, పెరిగింది. “మామయ్యా, బండి ఎడం పక్కకి లాగుతోంది, స్టీరింగు పట్టి ఉంచాల్సి వస్తోంది” అన్నాడు అల్లుడు. సూర్యాపేట పొలిమేరలో రోడ్డు వార ఆపించాను. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర సెగ. జానెడు దూరంలో అరచెయ్యి పెడితేనే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. కుడి చక్రం దగ్గర మామూలు వెచ్చదనమే. ఒకే ఇరుసు మీద ఉన్న రెండు చక్రాలకి అంత తేడా ఎందుకుండాలి?

నాలుగడుగుల దూరంలో రేకుల షెడ్డు, అందులో ఓ పెద్దాయన. కారు చల్లారేదాకా టీ తాగమన్నాడు, తొందరపడలేదు. తరవాత జాకీ వేసి, కింద స్టాండు పెట్టి, చక్రం విప్పి, కాలిపర్ బోల్టులు తీశాడు. కాలిపర్ జారడానికి ఉండే పిన్నుల్లో ఒకటి సులువుగా ఊడి వచ్చింది. రెండోది రాలేదు. పకడుతో మెలి తిప్పి తిప్పి లాగితే వచ్చింది. దాని కొసన ఉండే చిన్న రబ్బరు తొడుగు బొద్దుగా ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే జారిపోయేలా ఉంది. ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టి అడిగాడు: “ఇండ్ల ఏ గ్రీజు పెట్టిండ్రు సార్?”

ఆ ప్రశ్న నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఈ కబుర్లన్నీ దానికి జవాబే అనుకోండి.

అంతకు ఆరు నెలల ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించాను. ఎక్కడన్నది అనవసరం. కుర్రాడు మంచివాడే, పని శ్రద్ధగానే చేశాడు. పిన్నులు తీసి, కిరోసిన్‌లో కడిగి, తుడిచి, గోడవారన ఉన్న పెద్ద డబ్బాలోంచి వేలితో ఇంత గ్రీజు తీసి పట్టించాడు. బేరింగులకి పెట్టే గ్రీజు. “వేడికి కరగదు సార్, మంచి సరుకు” అన్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆ గ్రీజు వేడికి నిలుస్తుంది. రబ్బరుతో దానికి పడదన్నది అతనికి ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు.

ముందు ఆ పిన్ను పనేమిటో చెప్పుకుందాం. కాలిపర్ అంటే తిరుగుతున్న డిస్కుని రెండు వైపులనుంచీ పట్టి నొక్కే పటకారు. మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లలో చాలావాటికి ఆ పటకారులో పిస్టన్ ఒక్క వైపే ఉంటుంది, లోపలి వైపున. మరి బయటి ప్యాడుని ఎవరు నొక్కాలి? అక్కడే ఉంది చమత్కారం. పెడలు తొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడుని డిస్కుకి ఆనిస్తుంది. ఇక ముందుకి పోవడానికి దానికి చోటుండదు. అప్పుడు ఆ ఒత్తిడికి కాలిపరే మొత్తంగా వెనక్కి జరిగి, బయటి ప్యాడుని తనతోపాటు లాక్కొచ్చి డిస్కుకి నొక్కుతుంది. ఆ జరగడానికి పట్టాలు ఈ రెండు పిన్నులు. బీరువా సొరుగు పట్టాల మీద జారినట్టు కాలిపర్ వీటి మీద జారుతుంది. జారే దూరం మాత్రం వెంట్రుకవాసి.

పెడలు వదలగానే అంతా వెనక్కి పోవాలి. ఇక్కడ స్ప్రింగు వెతక్కండి, దొరకదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోత ఉన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. పిస్టన్ ముందుకి కదిలినప్పుడు అది కొంచెం మెలిపడి, ఒత్తిడి పోగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఓ మిల్లీమీటరులో చిన్న భాగం, అంతే. ఆ కాస్త సందుతోనే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇంత బలహీనమైన లాగుడు మీద ఆధారపడ్డ ఏర్పాటులో పిన్ను ఏమాత్రం బిగిసినా పని చెడుతుంది. తొక్కినప్పుడు ద్రవం ఒత్తిడి పెద్దది కాబట్టి కాలిపర్ బలవంతాన జరుగుతుంది. వదిలినప్పుడు వెనక్కి తెచ్చే బలం లేదు, అక్కడే ఉండిపోతుంది. బయటి ప్యాడు డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది, మనం హాయిగా పాటలు వింటూ వెళ్తూనే ఉంటాం.

సూర్యాపేట మేస్త్రీ నాకు రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూపించాడు. లోపలిది దాదాపు కొత్తదే. బయటిది సగానికి పైగా హరించుకుపోయింది. కొత్త ప్యాడు మీద అరిగే పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది, 3కి దిగితే మార్చెయ్యాలి. ఆరు నెలల్లో మేం ఆ దారిలో చాలా దూరం వచ్చేశామన్నమాట. డిస్కు కూడా నీలి రంగు తిరిగింది. పిల్లాడు వెనక సీట్లో నిద్రపోతున్న బండి అది. ఆ సంగతి తల్చుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు ఝల్లుమంటుంది.

ఎంత వేడి పుడుతుందో ఓ లెక్క చెబుతాను. వెయ్యి కిలోల బండి గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే, ముప్పావు లీటరు పైచిలుకు చన్నీళ్లని మరిగే దాకా తెచ్చేంత వేడి బ్రేకుల్లో పుడుతుంది. ఒక్కసారి ఆగడానికే అంత. తిరుమల కొండ దిగేటప్పుడు, అంటే 1944లో తెరిచిన ఆ పాత ఘాట్ రోడ్డు మీద, ఎన్నిసార్లు తొక్కుతామో మీరే ఊహించండి. అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగినా అంతే. బ్రేకు మీదే ఆధారపడి దిగితే డిస్కు 300 డిగ్రీలు దాటడం విడ్డూరం కాదు. పిన్నుకి అంత వేడి తగలదు, అది కాస్త ఎడంగా ఉంటుంది. అయినా వేడి అనగానే మనవాళ్ల బుర్ర ఒక్క వైపే పోతుంది: ‘వేడికి కరగని గ్రీజు కావాలి.’ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఆగిపోతాం. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. ఆ గ్రీజు ఏ రబ్బరు పక్కన కాపురం చెయ్యాలి?

గ్రీజంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో ఎక్కువ భాగం నూనే. ఆ నూనెని జారిపోకుండా పట్టి ఉంచడానికి ఒక రకం సబ్బు కలుపుతారు. లిథియం గ్రీజు అంటే లిథియం సబ్బులో చిక్కుకున్న నూనె. స్పాంజి నీళ్లు పట్టుకున్నట్టు సబ్బు నూనెని పట్టుకుని, రాపిడి తగిలినచోట కొంచెం కొంచెంగా వదులుతుంది. మామూలు లిథియం గ్రీజు దాదాపు 180 డిగ్రీల దాకా గట్టిగానే ఉండి, ఆపైన కారుతుంది. బేరింగులకి అది బంగారం. అయితే ఆ సబ్బులో ఉన్న నూనె భూమిలోంచి తీసిన ముడి చమురు నుంచి వచ్చింది. చిక్కంతా ఆ నూనెతోనే.

బ్రేకుల్లో ఉండే రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం అనే జాతి. 1960ల నుంచి వాడుకలోకి వచ్చింది. దీన్ని బ్రేకుల కోసం ఎందుకు ఎంచుకున్నారంటే, మనం పోసే డాట్ 3, డాట్ 4 బ్రేకు ద్రవాలు గ్లైకాల్ జాతివి, ఈ రబ్బరు వాటిలో ఏళ్ల తరబడి మునిగి ఉన్నా చెక్కుచెదరదు. ఎండకి, వేడికి, నీటికి కూడా తట్టుకుంటుంది. కానీ ముడి చమురు జాతి నూనె తగిలితే మాత్రం తాగేస్తుంది. రాత్రి నానేసిన శనగలు పొద్దున్నకి ఎలా ఉబ్బుతాయో అలా ఉబ్బుతుంది, బలం పోతుంది. పిన్ను కొసన ఉన్న తొడుగు ఉబ్బితే రంధ్రంలో బిరడాలా బిగుసుకుంటుంది. దుమ్ము రాకుండా కాపాడే బూటు ఉబ్బితే గాడిలోంచి జారి, వానా బురదా లోపలికి దారి చూసుకుంటాయి. జారడం కోసం పెట్టిన గ్రీజే బిగింపుకి కారణమవుతుంది. మా బండిలో జరిగింది అచ్చంగా అదే. పైగా కిరోసిన్‌లో కడగడంతోనే చెరుపు మొదలైంది. పెట్రోలూ, కిరోసినూ ఆ జాతివే కదా. వాసెలిన్ అదే, ఇంజనాయిలూ అదే. బిగిసిన పిన్ను మీద డబ్బా తీసుకుని పిచికారీ కొట్టే డబ్ల్యూడీ-40 కూడా ఆ కోవలోదే, ఆ పూటకి జారినట్టనిపించినా.

ఇక్కడ నాకిష్టమైన ఓ ముచ్చట మీకు చెప్పాలి. మా తాతగారి ఎడ్లబండికి కింద ఓ వెదురు గొట్టం వేలాడుతుండేది. అందులో కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో రంగరించి చేసేవారు. బండి దూరప్రయాణం కట్టే ముందు చక్రం కాస్త బయటికి లాగి ఇరుసుకి పూసేవారు. నల్లగా, జిగటగా ఉండేది. మేం పిల్లలం ముట్టుకుంటే చొక్కాలు పాడవుతాయని కేకలేసేవారు. ‘గ్రీజు’ అనే మాట మన ఊళ్లకి రాకముందే మనకి కందెన అనే చక్కటి మాట ఉంది. ఇప్పుడు దాన్ని గ్రంథాల్లోనే చూస్తున్నాం.

మోటారు కార్లకి మొదట్లో నూనె బ్రేకులు వచ్చినప్పుడు, వాటిలో పోసిన ద్రవం ఏమిటో తెలుసా? ఆముదమే! ఆల్కహాలు కలిపిన ఆముదం. నాలుగు చక్రాలకీ ద్రవంతో పనిచేసే బ్రేకులు 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి వచ్చాయి. ఆ తొలి రోజుల్లో రబ్బరు వాషర్లంటే చెట్టు పాల రబ్బరువే. ముడి చమురు నూనె వాటినీ ఉబ్బిస్తుంది. ఆముదం వాటి జోలికి పోదు. అందుకే ఎంచుకున్నారు. తరవాత గ్లైకాల్ ద్రవాలు వచ్చి ఆముదం బ్రేకు గొట్టాల్లోంచి తప్పుకుంది కానీ, గరాజు వదిలి పూర్తిగా పోలేదు. రబ్బరు సీళ్లకి రాసే ఎర్ర గ్రీజు ఒకటుంది, రెడ్ రబ్బర్ గ్రీజు అంటారు, దాని ఆధారం ఈనాటికీ ఆముదం నూనె. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా అలా పుట్టిందే. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో పెట్టిన కంపెనీ, 1909లో ఆముదం కలిపిన ఇంజను నూనె తీసుకొచ్చి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరునే కాస్త మార్చి దానికి పెట్టింది. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో ఎర్రటి కాడలతో నిలబడే ఆముదం మొక్కని చూసినప్పుడల్లా నాకిదంతా గుర్తొస్తుంది.

ఆగండి, ఇంట్లో సీసాలో ఉన్న ఆముదం తీసుకెళ్లి పిన్నులకి పూయకండి. ఒట్టి ఆముదం గాలికీ వేడికీ కొంతకాలానికి బంకలా గట్టిపడుతుంది. డబ్బాలో అమ్మే ఎర్ర గ్రీజుకి దాన్ని నిలబెట్టే మందులు కలుపుతారు. అదీ విపరీతమైన వేడికి నిలవదు. కాలిపర్ విప్పి పిస్టన్ సీలు మార్చేటప్పుడు రింగుకి రాయడానికి, పిస్టన్ దుమ్ము బూటు లోపల రాయడానికి అది సరైనది. అది లేకపోతే శుభ్రమైన కొత్త బ్రేకు ద్రవంతో తడిపి ఎక్కించినా చాలు. ద్రవం ఉండే లోపలి భాగానికి మరే గ్రీజూ తగలకూడదు.

ఇక పిన్నుల విషయం. నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. బ్రేకు పిన్నుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు గాని, సింథటిక్ గ్రీజు గాని కొనండి. ట్యూబు మీద రెండు సంగతులు రాసి ఉండాలి: కాలిపర్ పిన్నులకని, ఈపీడీఎం రబ్బరుకి హాని చేయదని. రెండూ లేకపోతే వద్దు. పెర్మాటెక్స్ వాళ్లది సిరామిక్ పొడి కలిపిన సింథటిక్ రకం ఉంది, ఇతర కంపెనీలవీ దొరుకుతాయి. పేరుకన్నా ఆ రెండు మాటలు ముఖ్యం. కొత్త పిన్ను కిట్టు కొంటే అందులో చిన్న ప్యాకెట్లో గ్రీజు వస్తుంది. చాలాచోట్ల కుర్రాళ్లు దాన్ని అవతల పారేసి డబ్బా గ్రీజు పెడతారు, కళ్లారా చూశాను. దయచేసి ఆ ప్యాకెట్టు పారేయనివ్వకండి. మీ కారుకి ఏది కావాలో తెలిసినవాళ్లు పెట్టిన ప్యాకెట్టు అది.

“సిలికాన్ అంటే స్పార్కు ప్లగ్గుల తొడుగులకి రాసే తెల్లటిది మా ఇంట్లో ఉందిగా” అంటారేమో. మా అల్లుడూ అదే అన్నాడు. రబ్బరుకి దానివల్ల చెడు జరగదు, నిజమే. కానీ ఇనుము మీద ఇనుము ఒరిపిడి పడేచోట ఒట్టి సిలికాన్ నూనె పొర పల్చబడిపోతుంది. అందుకే బ్రేకు గ్రీజుల్లో సిరామిక్, మాలిబ్డినం వంటి ఘనపదార్థాల సన్నటి పొడి కలుపుతారు. నూనె పక్కకి తప్పుకున్నా ఆ పొడి మధ్యలో నిలబడి కాపాడుతుంది.

మరి రాగి గ్రీజు? పాత మెకానిక్కులకి దాని మీద మహా గురి. రాగి పొడి వేయి డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదని వాళ్ల వాదన. పొడి సంగతి నిజం, దాన్ని మోసే నూనె మాత్రం మామూలుగా మళ్లీ ఆ ముడి చమురు జాతిదే. రబ్బరున్నచోటికి దాన్ని రానివ్వకండి. ప్యాడు వెనక రేకుకి, కీచుమనకుండా పల్చగా రాసేవారు, ఇప్పటికీ రాస్తారు. నేను అక్కడ కూడా సిరామిక్‌దే వాడతాను, ఎందుకంటే అల్యూమినియం కాలిపర్ పక్కన రాగి ఉంటే, ఉప్పు తడి తగిలినప్పుడు అల్యూమినియం తినిపోతుంది. బందరులోనో కాకినాడలోనో విశాఖలోనో సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఎంత పెట్టాలన్నదీ ముఖ్యమే. పిన్ను మీద తడిసినట్టు కనిపించేంత పొర చాలు. ఎక్కువ పెడితే మంచిదనుకుంటాం, ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. పిన్ను వెళ్లే రంధ్రం రెండో కొసన మూసి ఉంటుంది. గ్రీజుతో దాన్ని నింపేస్తే లోపల గాలీ గ్రీజూ ఇరుక్కుని పిన్నుని వెనక్కి తోస్తాయి, సైకిలు పంపు మూతి వేలితో మూసి కొట్టినట్టు. కొన్ని పిన్నుల మీద పొడవునా చదునుగానో గాడిగానో కోసి ఉండేది ఆ గాలి తప్పించుకోవడానికే. పాత గ్రీజు మిగలకుండా తుడిచాకే కొత్తది రాయాలి. రబ్బరుని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టుకోవచ్చు. రెండు రకాల గ్రీజు కలిస్తే ముద్ద కట్టవచ్చు. పై పిన్నూ కింది పిన్నూ ఒకటేలే అనుకోవద్దు. చాలా బళ్లల్లో ఒకదానికే రబ్బరు తొడుగుంటుంది. విప్పేటప్పుడే ఫోటో తీసుకోండి. ఇంకో సంగతి: కొన్ని ఐరోపా కార్లలో రబ్బరు గొట్టాల్లో జారే పిన్నులకి అసలు గ్రీజే పెట్టవద్దంటారు. కాబట్టి మీ బండి పుస్తకం ఒకసారి తిరగెయ్యండి. ఎంత మంచి గ్రీజయినా డిస్కుకి గాని, ప్యాడు అరిగే ముఖానికి గాని చుక్క కూడా అంటకూడదు.

పిన్నులు బాగున్నా బ్రేకు పట్టేయవచ్చు. మా పెద్దమ్మాయి వాళ్లుండే మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు చక్రాల్లోకి చిమ్మి, ప్యాడ్ల చెవులు కూర్చునే చోట, స్టీలు క్లిప్పుల కింద తుప్పు పొరలు కడుతుంది. తుప్పు లావెక్కి క్లిప్పుని పైకి ఎత్తుతుంది. ప్యాడు కదలడానికి చోటు చాలక ఇరుక్కుపోతుంది. దానికి ఎంత గ్రీజు పూసినా లాభం లేదు. క్లిప్పులు తీసి, వైరు బ్రష్షుతో, అవసరమైతే ఆకురాయితో, ఇనుము మెరిసేదాకా గోకి, కొత్త క్లిప్పులు వేసి, చెవులకి చిటికెడు సిరామిక్ గ్రీజు రాస్తే సుఖంగా జారుతుంది. మన తీరప్రాంతాల్లో వానాకాలమంతా కదలకుండా నిలబెట్టిన కార్లకీ ఇదే వైద్యం. విదేశాల్లో పిల్లలుండి, వాళ్లు వచ్చినప్పుడే తీసే కార్లు మన వీధుల్లో ఎన్ని లేవు!

ప్యాడ్లు అరిగిన తీరు చూస్తే జబ్బు చాలావరకు తెలిసిపోతుంది. బయటిది ఎక్కువ అరిగితే పిన్నుల్ని అనుమానించండి. లోపలిది ఎక్కువ అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదు, దాని దుమ్ము బూటు చిరిగి తుప్పు పట్టిందేమో చూడాలి. ఒకే ప్యాడు ఒక కొసన పల్చగా, ఇంకో కొసన మందంగా, ఏటవాలుగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి బిగిసినట్టు. రెండూ సమానంగా తొందరగా అరిగి, చక్రం వేడెక్కుతుంటే రబ్బరు బ్రేకు గొట్టం లోపల కూరుకుపోయి ఉండొచ్చు. తొక్కినప్పుడు ద్రవం పోతుంది, వదిలినప్పుడు తిరిగి రాదు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు కాలిపర్ మీది గాలి తీసే నిపిలు కాస్త వదులు చేసి చూస్తే, చక్రం వెంటనే తిరిగితే తప్పు గొట్టం వైపుది. అప్పుడు గ్రీజు గురించి మాట్లాడి ప్రయోజనం లేదు, గొట్టం మార్చాలి. ముందు డిస్కు ఉన్న మోటారు సైకిళ్లలోనూ చాలావాటికి ఇలాంటి జారే కాలిపరే, ఇవే పిన్నులు, ఇదే నియమం.

సూర్యాపేట పెద్దాయన ఆ రోజు ఉబ్బిన తొడుగు కత్తిరించి పారేసి, తన దగ్గరున్న పిన్ను కిట్టు వేసి, దాంతో వచ్చిన ప్యాకెట్టు చింపి సగమే వాడాడు. పిన్ను పెట్టి, రెండు వేళ్లతో లోపలికీ బయటికీ జరిపి చూపించాడు. “ఇట్ల ఉండాలె సార్. రెండు వేళ్లు చాలాలె. చెయ్యంత బలం పెట్టాల్సొస్తె ఏదో తేడా ఉన్నట్టె.” మిగతా మూడు చక్రాలూ విప్పి అదే గ్రీజు పెట్టి ఉందేమో చూశాడు. మరో రెండు పిన్నుల తొడుగులు ఉబ్బడం మొదలెట్టాయి. అన్నీ మార్చాడు. బండి కదిలించే ముందు అల్లుణ్ణి కూర్చోబెట్టి పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కించాడు. ప్యాడ్లూ కాలిపరూ కదిలించాక ఆ పని మర్చిపోతే మొదటి తొక్కుడికి బ్రేకు పడదు. ఇంట్లో మీరే చేసుకునేవాళ్లు ఈ ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. స్టాండు లేకుండా ఉత్త జాకీ మీద ఉన్న బండి దగ్గర పని చేయకండి.

ఆయన తీసుకున్న డబ్బు తక్కువే. ఇంకొంచెం ఇస్తానంటే పుచ్చుకోలేదు. మా మనవడికి చెరుకు ముక్క ఇచ్చి పంపాడు.

అప్పటి నుంచి నా కారు డ్యాష్‌బోర్డు అరలో ఓ చిన్న గ్రీజు ట్యూబు ఉంటుంది. కొన్ని వందల రూపాయల వస్తువు, ఏళ్లు వస్తుంది. ఎక్కడ బ్రేకు పని చేయించినా మెకానిక్ చేతిలో అదే పెడతాను. “తమ్ముడూ, పిన్నులకి ఇది రాయి, ఆ డబ్బాలోది వద్దు” అంటాను. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. చాలామంది ఎందుకని అడిగారు, చెప్పాను. ఏడాదికోసారి, వానలు వెళ్లాక, నాలుగు చక్రాల పిన్నులూ తీయించి చూస్తాను.

మీరూ ఓ పని చేయండి. ఈసారి ఊరు వెళ్లొచ్చి కారు ఆపగానే లోపలికి వెళ్లిపోకండి. ముందు చక్రాలు రెంటి దగ్గరా అరచెయ్యి జానెడు దూరంలో పెట్టి చూడండి, డిస్కుని మాత్రం ముట్టుకోకండి. తరవాత వెనక చక్రాల దగ్గర. ముందువి వెనకవాటికన్నా వేడిగా ఉండటం మామూలే, కుడి ఎడమల మధ్య తేడా ఉంటే మామూలు కాదు. ఒకదాని దగ్గర సెగ తగిలితే మర్నాడు పొద్దున్నే విప్పించండి, విప్పినవాణ్ణి ఆ పెద్దాయన నన్నడిగిన ప్రశ్నే అడగండి.